కాలేజీ చరిత్రల్లో మనమెక్కడ? నూజివీడు నుంచి వాల్తేరు దాకా

కాలేజీల చరిత్రలు రాయటం మన దగ్గర వొక పరిశ్రమ అయ్యింది. రజతోత్సవానికొక సంచిక, స్వర్ణోత్సవానికొక సంచిక, వజ్రోత్సవానికొక సంచిక. ఇప్పుడు శతాబ్ది వంతు వచ్చింది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు. ఈ సందర్భంలో రాస్తున్నవీ, రాయబోతున్నవీ ఎలా వుంటాయో చదవకముందే చెప్పొచ్చు. ఎందుకంటే ఈ రకం చరిత్రలకు వొక మూస వుంది. మొదటి పేజీలో దాత ఫొటో. తర్వాత స్థలం ఎవరిచ్చారు, శంకుస్థాపన ఎవరు చేశారు, ప్రారంభోత్సవానికి ఎవరొచ్చారు. ఆపైన ప్రిన్సిపాళ్ల జాబితా, కొత్త బ్లాకుల జాబితా, పెద్ద పదవుల్లోకి వెళ్లిన పూర్వ విద్యార్థుల జాబితా. చివర్లో ప్రకటనలు. మధ్యలో ఎక్కడో 'సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు' అని వొక ముక్క. ఆ ముక్కలోనే అటెండరూ, స్వీపరూ, వాచ్‌మనూ, హాస్టల్లో వండిపెట్టిన అమ్మా, పునాదులు తవ్వినవాళ్లూ అందరూ కలిసి ఇరుక్కోవాలి.

మేము ముసునూరు మండలం నుంచి వచ్చినవాళ్లం. 2022 జిల్లాల విభజనలో కృష్ణాజిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లిన మండలం అది. తమ్మిలేరు పక్కన మెట్టనేల, మామిడితోటలు. తోటలు వొకళ్లవి, కావలి వొకళ్లది. దోటీ చిక్కం పట్టుకుని చెట్టెక్కేదీ, కాయ ఏరి వరిగడ్డి పరిచి పెట్టెలు కట్టేదీ మా వాళ్లు. మా ఇంట్లో డిగ్రీ గుమ్మం తొక్కిన మొదటి తరం మాది. అందుకని కాలేజీ చరిత్ర అనగానే మాకు తట్టే మొదటి ప్రశ్న 'ఎవరు కట్టించారు' కాదు. 'మా వాళ్లు ఎప్పుడు లోపలికొచ్చారు, ఏ వాకిలి గుండా వచ్చారు' అన్నది. ఈ ప్రశ్నతో చదివితే ఇంతవరకూ వచ్చిన చరిత్రలు చాలావరకు కట్టడాల చరిత్రలే తప్ప కాలేజీల చరిత్రలు కావనిపిస్తుంది. అలా ఎందుకనిపిస్తుందో వివరించటమే ఈ వ్యాసం పని.

1. 'విద్యాలయం దేవాలయం' అంటే ఎవరికి?

ఈ సంచికల భాషను ముందు చూడాలి. 'సరస్వతీ నిలయం', 'విద్యాదాత', 'కల్పవృక్షం', 'చదువుల గుడి'. ఈ మాటలు రాసేవాళ్లు వినయంతోనే రాస్తుండొచ్చు. కానీ కాలేజీని గుడితో పోల్చినపుడు, గుడి అందరికీ వొకటే అనుభవం ఇచ్చిందని వాళ్లు అనుకుంటున్నారు. గుడి మాకేమిచ్చిందో బెజవాడ చరిత్రే చెప్తుంది.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ దానికి అధ్యక్షుడు. పంచములనే పేరు మాది కాదు, మేము ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ప్రకటించిన సభ అది. ఇంతమంది అంటరానివాళ్లు వూళ్లోకి వచ్చారని ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసుకున్నారు. అదే బెజవాడలో తొమ్మిదేళ్లకు, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలయ్యింది. 1930 దాకా దాని ప్రధాన కేంద్రం బెజవాడే. ఆ తర్వాత వాల్తేరుకు వెళ్లింది. విశ్వవిద్యాలయం ఏ వూళ్లో వుండాలనే తగాదా మీద చరిత్రకారులు పేజీలకు పేజీలు రాశారు. బెజవాడా, రాజమండ్రీ, విశాఖా అని వాదించుకున్న పెద్దల వుపన్యాసాలు భద్రంగా వున్నాయి. ఆ వూళ్లోనే తొమ్మిదేళ్ల ముందు బడులూ, బావులూ, భూములూ అడిగిన మనుషుల సభకు ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో చోటు వుందా? 'ఆంధ్ర' అనే మాట మీదే విశ్వవిద్యాలయం కట్టారు. ఆ మాటకు ముందు 'ఆది' తగిలించి మేమూ ఆంధ్రులమేనని చెప్పుకున్న వాళ్లను మాత్రం ఆ కథలోంచి తీసేశారు. మద్రాసు ప్రభుత్వం 1922లోనే ఆది ఆంధ్ర అనే పేరును కాగితాల్లో వాడేందుకు వొప్పుకుంది. మన విద్యాచరిత్రకారులు నూరేళ్లయినా పట్టించుకోలేదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. కృష్ణాజిల్లా ఆధునిక విద్య చరిత్ర 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడితో మొదలవుతుందని అందరూ రాస్తారు. నిజమే. ఆ బడి ముఖ్యంగా పైకులాల పిల్లలను వుద్దేశించింది అన్న సంగతి కూడా అంతే నిజం. పైనుంచి చదువు కారి కిందికి వస్తుందనే నమ్మకం ఆనాటి మిషనరీల్లో కొందరిది. తర్వాతి కాలంలో మాలమాదిగ పేటల్లో బడులు పెట్టిన మిషనరీలూ వున్నారు. ఆ బడుల్లోంచే మా తాతల తరంలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు తయారయ్యారు. అయితే చరిత్రలకెక్కింది మొదటి రకం బడే. రెండో రకం బడికి తాటాకు కప్పు, మట్టిగోడ. దానికి శిలాఫలకం వుండదు, అందుకే చరిత్ర కూడా వుండదు.

గుడితో పోలిక సంగతి జాషువా ఏనాడో తేల్చిపెట్టాడు. 1941 నాటి 'గబ్బిలం' కావ్యంలో గుళ్లోకి పోలేని మనిషి తన మొరను గబ్బిలంతో శివుడికి పంపుతాడు. గబ్బిలానికి అడ్డులేని కట్టడం మనిషికి అడ్డమయ్యింది. అలాంటి కవికి ఆంధ్ర విశ్వవిద్యాలయం 1970లో కళాప్రపూర్ణ ఇచ్చింది. మరుసటి ఏడు ఆయన పోయాడు. సన్మానం చేశారు, సంతోషమే. కానీ ఆ కావ్యం వేసిన ప్రశ్నను విశ్వవిద్యాలయం తన కట్టడాలకు, తన ద్వారాలకు ఎప్పుడైనా వేసుకుందా? చదువుల గుడి అని రాసేముందు ఎవరైనా వొక్కసారి ఆగారా?

2. దాతల డబ్బు ఎక్కడిది?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టినా మొదట్లో పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థే. సొంతంగా పాఠాలు చెప్పే యూనివర్సిటీ కాలేజీలు వాల్తేరు వెళ్లాక వచ్చాయి. 1931లో ఆర్ట్స్ కాలేజీ, 1932లో సైన్సు కాలేజీ. సైన్సు, టెక్నాలజీ కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవవర్మ పేరు పెట్టారు. ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. విశ్వవిద్యాలయం నిలబడటానికి ఆ డబ్బు ఆసరా అయ్యిందని ప్రతి చరిత్రా రాస్తుంది. సి.ఆర్.రెడ్డి గారి పట్టుదల గురించీ, 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ గారి పేరుప్రతిష్ఠల గురించీ రాస్తుంది. మేము కాదనం.

అయితే ఆ లక్ష జయపురం ఖజానాలోకి ఎలా వచ్చింది? జయపురం జమీ అంటే నేటి కోరాపుట్ కొండలు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. ఆ కొండల్లో పరజాలు, గదబలు, కోందులు వుంటారు. శిస్తులూ, వెట్టీ, షావుకారి అప్పులూ కలిసి వాళ్లను 'గోతి' అనే కట్టుబానిసత్వంలోకి నెట్టాయి. తీసుకున్న కాస్త అప్పుకి మనిషి తన వొంటిని తాకట్టు పెట్టి ఏళ్ల తరబడి చాకిరీ చేయటం అది. గోపీనాథ్ మహంతి 1945లో ఒరియాలో రాసిన 'పరజా' నవల వస్తువు అదే. భూమీ, కొండపంటా శిస్తుగా మారి జమీ ఖజానాకు చేరాయి. ఖజానాలో వొక భాగం విరాళంగా మారి వాల్తేరు కొండమీద ప్రయోగశాల అయ్యింది. ఈ గొలుసులో చివరి లంకె పేరు మాత్రమే గోడమీద వుంది. మొదటి లంకెలో వున్నవాళ్ల పిల్లలు ఆ ప్రయోగశాల గుమ్మం ఎక్కటానికి ఎన్ని తరాలు పట్టింది?

మహారాజు పేరు చెరిపేయాలని మేము అనటం లేదు. విరాళాన్ని దానం అని పిలిచి అక్కడితో ఆగిపోవటం చరిత్ర కాదు, పొగడ్త అంటున్నాం. జమీందారు ఇచ్చిన దానికి లెక్క రాస్తే, జమీందారుకు ఇచ్చిన దానికి కూడా లెక్క రాయాలి. ఇది చరిత్ర రాసేవాడి కనీస నిజాయితీ.

నూజివీడుకు వద్దాం. మా మండలానికి దగ్గరి పట్నం అదే. జమీందార్ల కోట వున్న వూరు. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. అయినా పట్నంలో పెద్ద చదువుకు సంబంధించిన పేర్లు చూడండి. డిగ్రీకి ధర్మ అప్పారావు కాలేజీ. పి.జి.కి డాక్టర్ ఎం.ఆర్.అప్పారావు పేరున్న విశ్వవిద్యాలయ కళాశాల. ఆ పి.జి. సెంటర్ నాగార్జున విశ్వవిద్యాలయం కింద నడిచి, 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. ఎం.ఆర్.అప్పారావు గారు నూజివీడు ఎమ్మెల్యేగా, మంత్రిగా చేశారు. 1974 నుంచి 1980 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. పల్లెటూళ్ల మధ్య వున్న చిన్న పట్నానికి ఎం.ఏ., ఎమ్.ఎస్సీ. చదువు రావటం వల్ల లాభపడ్డ వాళ్లలో మా వాళ్లూ వున్నారు. గుంటూరుకో, వాల్తేరుకో వెళ్లే స్తోమత లేని ఆడపిల్లలు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరే దూరంలో పి.జి. చదివారు. ఈ మేలును తక్కువ చేయటం లేదు.

మేము అడిగేది వేరు. జమీ పోయి డెబ్బయ్యేళ్లు దాటాక కూడా చదువు అనగానే జమీ పేరే ఎందుకు గుర్తొస్తుంది? ఎందుకంటే పేరు పెట్టే అధికారం కోటలోంచి బయటికి రాలేదు. తోటల్లో చెట్టు నాటినవాడి పేరు చెట్టుకుండదు, తోట ఎవరిదో వాళ్ల పేరే వుంటుంది. కాలేజీలకూ అదే లెక్క. అదే జిల్లాల్లో 1976లో పెట్టిన విశ్వవిద్యాలయానికి బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి పేరు పెట్టగలిగారు గదా! ఏ దాతా కాని, ఏ జమీందారూ కాని, ప్రశ్న వేయటమే పనిగా పెట్టుకున్న వొక ఆలోచనాపరుడి పేరు అది. అంటే చేతకాక కాదు, తలచుకుంటే చేయొచ్చు.

3. మా తేదీలు వేరు

కట్టడాల చరిత్రకు వొక క్యాలెండరు వుంది: శంకుస్థాపన తేదీ, ప్రారంభోత్సవం తేదీ, అదనపు అంతస్తు తేదీ. మా ప్రవేశానికి వేరే క్యాలెండరు వుంది. రెండూ పక్కపక్కన పెడితే గానీ కాలేజీ చరిత్ర పూర్తికాదు.

హైదరాబాదు ఆర్ట్స్ కాలేజీనే తీసుకోండి. 1934 జూలైలో పునాదిరాయి పడింది, 1939 డిసెంబరులో ప్రారంభమయ్యింది. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన, గులాబిరంగు గ్రానైటు, ఈజిప్టు నుంచి అజంతా దాకా కలిసిన శిల్పరీతులు. ఇదంతా గైడుబుక్కుల్లో దొరుకుతుంది. ఆ రాయి కొట్టినవాళ్ల పేర్లు దొరకవు. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మా క్యాలెండరులో ఆ తేదీ ముఖ్యం. కట్టడం పూర్తయ్యింది 1939లో కావచ్చు; మాకు సంబంధించినంతవరకు దాని తలుపు కొంచెం తెరుచుకున్నట్టు కనిపించింది 1953లో.

ఇంకో తేదీ 1944. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో వున్నపుడు షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలయ్యింది. ఆ ఏడు సెప్టెంబరులోనే ఆయన ఆంధ్ర జిల్లాల్లో పర్యటించాడు. ఇవాళ్టికీ మా పేటల్లో కాలేజీకి వెళ్లిన ఏ పిల్లాడి వెనకైనా ఈ స్కాలర్‌షిప్పు వుంటుంది. మరో తేదీ 1951. మద్రాసు కమ్యూనల్ జీవోను చంపకం దొరైరాజన్ కేసులో కోర్టు కొట్టేస్తే, మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణ వచ్చింది. కాలేజీ సీట్లలో రిజర్వేషన్‌కు ఆధారం అదే. ఈ రెండూ ఏ కాలేజీ గోడమీదా చెక్కి వుండవు. కానీ మా వరకు అసలు కట్టడాలు ఇవే. వీటిమీదుగా నడిచే మేము లోపలికొచ్చాం.

లోపలికొచ్చాక ఏం జరిగింది? కట్టడంలో మేము చూసే భాగాలు వేరు. సంచికలో ముఖమండపం ఫొటో వేస్తారు. మాకు గుర్తుండేది స్కాలర్‌షిప్పు కౌంటరు. మేము చదివిన వొక కాలేజీలో, దాని పేరు ఇక్కడ అనవసరం, ఆఫీసుకి వెనక వైపు కిటికీ వుండేది. ఫీజు కట్టేవాళ్లకు ముందు కౌంటరు, నీడన. స్కాలర్‌షిప్పు వాళ్లకు వెనక కిటికీ, ఎండన. 'స్కాలర్‌షిప్పోళ్లు అటు పొండి' అని గుమాస్తా చెయ్యి వూపేవాడు. అందరి ముందూ. ఏ కులమో ఎవరూ అడగక్కర్లేదు, ఏ కిటికీ దగ్గర నిలబడ్డామో చూస్తే చాలు. ఆ కాలేజీ మీద సంచిక వచ్చింది. అందులో ఆఫీసు భవనం గురించి వొక పేరా వుంది. వెనక కిటికీ మాట లేదు. దాన్ని చూసినవాళ్లు రాయలేదు, రాసినవాళ్లు చూడలేదు.

హాస్టలు సంగతీ అంతే. కాలేజీ వూరి మధ్య, సాంఘిక సంక్షేమ హాస్టలు వూరి చివర. చాలాచోట్ల ఏళ్లతరబడి అద్దె కొంపలో. మాల పల్లె, మాదిగ గూడెం వూరికి ఏ దిక్కున వుంటాయో హాస్టలూ దాదాపు అదే లెక్కన వుంటుంది. హాస్టలు లేకుండా మా తరానికి కాలేజీ లేదు. కాబట్టి కాలేజీ చరిత్ర రాసేవాడు హాస్టలు రిజిస్టరు తెరవకుండా రాస్తే, సగం విద్యార్థులను వదిలేసి రాసినట్టే.

ప్రవేశం అనేది వొకసారి గెలిస్తే ఎప్పటికీ నిలిచేది కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పి.జి. చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు నిలిపేసింది. అలాంటి పరిస్థితి వచ్చినపుడు పేద దళిత విద్యార్థికి మిగిలేది విశ్వవిద్యాలయ కళాశాలే. నూజివీడు లాంటి చోట పి.జి. సెంటర్ బాగుండటం, అధ్యాపకుల ఖాళీలు నింపటం, హాస్టలు నడవటం ఎవరికి అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. వొక్క జీవో కాగితం వాకిలి మూయగలదు. ఏ కట్టడం చరిత్రా ఆ తేదీని నమోదు చేయదు.

4. 0.4 అనే వాకిలి

ఈ వాదనకు ఎదురు వుదాహరణ కూడా నూజివీడులోనే వుంది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర మూడు క్యాంపసులు. జనం నోట్లో అది ట్రిపుల్ ఐటీ. పదో తరగతి తర్వాత ఆరేళ్ల ఇంజనీరింగు చదువు. కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్‌రెడ్డి గారు అప్పట్లో దానికి ఛాన్సలర్‌గా వున్నారు.

ఆ భవనాల అందచందాల గురించి మేము మాట్లాడటం లేదు. మాకు ముఖ్యమైంది ప్రవేశ పద్ధతి. కోచింగు కొనుక్కోగలిగినవాళ్లే నెగ్గే పోటీ పరీక్ష బదులు, పదో తరగతి మార్కులను బట్టి, మండలాలను లెక్కలోకి తీసుకుని సీట్లిచ్చారు. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు వెనుకబాటు కింద 0.4 పాయింట్లు కలిపారు. తర్వాత మార్కుల పద్ధతిలో అది 4 శాతం అయ్యింది. జెడ్పీ హైస్కూల్లో నేలమీద కూర్చుని చదివిన పిల్లకీ, కార్పొరేట్ బడిలో చదివిన పిల్లాడికీ మధ్య వున్న దూరాన్ని వొప్పుకున్న అంకె అది. మా లెక్కలో గత నూరేళ్లలో ఈ ప్రాంతంలో కట్టిన అన్నిటికంటే పెద్ద కట్టడం ఆ 0.4. దానికి స్తంభాలు లేవు, కమానులు లేవు. వాకిలి మాత్రం వుంది.

మా పెదనాన్న మామిడి సీజను అయిపోయాక నూజివీడులో కట్టుబడి పనికి పోయేవాడు. ట్రిపుల్ ఐటీ గోడలు లేస్తున్నపుడు అక్కడా కాంక్రీటు మోశాడు. తర్వాత మా పేటలోంచి వొక పిల్లకు అక్కడ సీటొచ్చింది. ఆ పిల్లను దించటానికి వెళ్లినపుడు పెదనాన్న కూడా వెళ్లాడు. లోపలికి వెళ్లి స్లాబు వంక చూసి, 'ఇది మేం పోసిందేరా' అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ పిల్ల అందరికీ అదే చెప్పుకుంది. సంచికల్లో శంకుస్థాపన చేసినవాళ్లు 'ఇది నేను కట్టించిందే' అనే మాట మనకు అలవాటే. 'మేం పోసిందే' అనే మాట ఏ సంచికలోనూ చదవలేదు.

అయితే ట్రిపుల్ ఐటీని నెత్తిన పెట్టుకుని వూరేగనక్కర్లేదు. ప్రవేశం వొక్కటే చాలదు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పదిహేనేళ్ల పిల్లను వొక్కసారిగా ఇంగ్లీషులో, కంప్యూటరు తెరమీద పాఠాల్లో పడేస్తే ఆ బరువు ఎవరి మీద పడుతుంది? ఎక్కువమంది కాంట్రాక్టు అధ్యాపకులతో నడిచే సంస్థలో పిల్లల మంచిచెడ్డలు ఎవరికి పట్టాలి? పైగా 2020లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయితే ప్రవేశానికి ఎంట్రన్సు పెట్టారు. పరీక్షలు లేనపుడు అదే దారి కావచ్చు. కానీ మార్కుల పద్ధతి ఎంత సులువుగా ఎంట్రన్సుగా మారగలదో అది చూపించింది. వాకిలికి కాపలా లేకపోతే అది ఎప్పుడైనా కిటికీ అయిపోతుంది.

5. బారకాసుల నుంచి వెలివాడ దాకా

మరి మనవాళ్లు కట్టిన కాలేజీల చరిత్ర లేదా? వుంది. అంబేడ్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946 జూన్‌లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలయ్యింది, సైన్యం వదిలిన బారకాసుల్లో. మహాభవనం లేచేదాకా ఆయన ఆగలేదు. పగలు పనిచేసుకునే పిల్లలకు వీలుగా పొద్దున్నే క్లాసులు పెట్టించాడు. అంటే ముందు విద్యార్థి బతుకును చూసి, దానికి తగ్గట్టు కాలేజీని కట్టాడు. 1950లో అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని ఔరంగాబాదులో ఇంకో కాలేజీ పెట్టి మిళింద అని పేరుపెట్టాడు. ఆ ఆవరణ నాగసేనవనం. మిళిందుడు ప్రశ్నలడిగిన రాజు, నాగసేనుడు జవాబులిచ్చిన భిక్షువు. దాత పేరు కాదు, గురువుకూ శిష్యుడికీ మధ్య జరిగిన వాదం పేరు పెట్టాడు. నూజివీడు, వాల్తేరు కాలేజీల పేర్ల పక్కన ఈ పేరు పెట్టి చూస్తే, పేరులో ఎంత రాజకీయం వుంటుందో అర్థమవుతుంది.

2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టలు నుంచి వెలేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలోని దుకాణాల సముదాయం దగ్గర గుడారం వేసుకున్నారు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఫ్లెక్సీల మీద అంబేడ్కరూ, ఫూలే, సావిత్రిబాయీ గోడలై నిలబడ్డారు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. మేము ఆ గుడారాన్ని కూడా విశ్వవిద్యాలయ కట్టడాల చరిత్రలో రాయాలంటాం. అది శంకుస్థాపన లేని కట్టడం. కానీ ఆ ఆవరణలో వున్న సిమెంటు భవనాలన్నీ కలిసి దాచిన సంగతిని వొక్క గుడ్డ కప్పు బయటపెట్టింది: పల్లెలో వున్న వూరూ వాడా విశ్వవిద్యాలయంలోనూ వున్నాయని. కట్టడాల మీద ఇంతకంటే సూటి విమర్శ ఏ పరిశోధకుడూ రాయలేదు.

6. మనల్ని మనం అడగాల్సినవి

ఇక్కడితో ఆపితే మేము కూడా సంచిక రాసినట్టే అవుతుంది. 'మేము' అని ఇంతసేపు రాశాం. ఆ 'మేము'లో ఎవరున్నారు? ఆది ఆంధ్ర అనే వొక్క పేరుకింద అందరూ వొక్కసారే లోపలికి రాలేదు. ముందు బడి అందిన వాళ్లు ముందొచ్చారు. 1994లో మాదిగ దండోరా వేసిన ప్రశ్న అదే. దానికి సుప్రీంకోర్టు జవాబు రావటానికి 2024 ఆగస్టు 1 దాకా పట్టింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 15 శాతాన్ని వర్గీకరించి రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతం ఇచ్చింది. ఈ అంకెల మీద వాదోపవాదాలు వుండొచ్చు, వుండాలి కూడా. కానీ ఉత్తరాంధ్ర పట్నాల్లో తరతరాలుగా వీధులూ, ఆవరణలూ వూడ్చిన రెల్లి కుటుంబాల పిల్లలు కాలేజీ క్లాసురూముల్లో ఎంతమంది కూర్చున్నారో లెక్క తీయకుండా వాల్తేరు నూరేళ్ల చరిత్ర దళిత దృక్పథంతో రాశామని చెప్పుకోలేం. చీపురుతో ఆ వాకిలి దాటినవాళ్లు పుస్తకంతో ఎప్పుడు దాటారు? ఆ తేదీ మన క్యాలెండరులో కూడా లేదు.

ఆడవాళ్ల సంగతీ అంతే. మన సభల్లో మొదటి దళిత గ్రాడ్యుయేటు అనగానే మగవాడి పేరే చెప్తాం. మా మండలంలో డిగ్రీ చదివిన మొదటి దళిత స్త్రీ ఎవరని అడిగితే మాలో చాలామందిమి నీళ్లు నమిలాం. ఆమె ఏ బస్సెక్కింది, ఆడపిల్లల హాస్టలు వుందా లేదా, ఎండాకాలం తోటపనికి పోతూ పరీక్షలు ఎలా రాసింది? మా అమ్మ పెట్టెలు కడుతూ మమ్మల్ని చదివించింది అని గొప్పగా చెప్పుకుంటాం. అదే అమ్మ వయసులో చదువు మానేసిన ఆడపిల్లల కథ చెప్పం. మానేసినవాళ్ల చరిత్ర కూడా కాలేజీ చరిత్రే.

ఇక విగ్రహాలు. కాలేజీ ఆవరణలో అంబేడ్కర్ విగ్రహం కోసం మనవాళ్లు కొట్లాడారు, కేసులు పెట్టించుకున్నారు. ఆ పోరాటాలు అవసరమైనవే. కానీ విగ్రహం వచ్చాక మనం కూడా ఆవిష్కరణ ఫలకం మీద ఎవరి పేరుండాలని తగవులాడుకుంటున్నాం. అంటే వాళ్ల మూసే మనకూ అంటింది.

అందుకని ఈ పత్రిక చదివే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మేము ప్రతిపాదించేది వొక పని. మీ దగ్గర్లోని కాలేజీని తీసుకోండి. అడ్మిషన్ రిజిస్టర్లలో మనవాళ్ల మొదటి పేరు ఏ సంవత్సరంలో కనిపిస్తుందో చూడండి. ఎవరు పూర్తిచేశారో, ఎవరు మధ్యలో ఆగారో రాయండి. హాస్టలు పాత వార్డెన్లను, వంటవాళ్లను, అటెండర్లను, స్వీపర్లను కూర్చోబెట్టి మాట్లాడించండి. పునాదులు తవ్వినవాళ్లూ, స్లాబు పోసినవాళ్లూ ఏ వూళ్లవాళ్లో అడగండి. చాలామంది ఇంకా బతికే వున్నారు. కాలేజీ స్థలం అంతకుముందు ఎవరి సాగులో వుందో అడంగల్లో వెతకండి. దాతల కుటుంబాల దగ్గరికి కూడా వెళ్లండి. వాళ్ల కాగితాల్లో మన తాతల వెట్టి లెక్కలు దొరకొచ్చు. ఎవరినీ తిట్టటానికి కాదు. లెక్క సరిచూడటానికి.

మేము ముసునూరుతో మొదలుపెట్టాం. నాలుగు వూళ్లు తిరిగేసరికి రెండు నోటుపుస్తకాలు నిండాయి. పెదనాన్నను మళ్లీ అడిగాం, ఆ స్లాబు పోసిన రోజున ఇంకా ఎవరెవరున్నారని. వేళ్లు మడుస్తూ పద్నాలుగు పేర్లు చెప్పాడు. అందులో అయిదుగురు ఆడవాళ్లు. ముగ్గురు చనిపోయారు. మిగిలినవాళ్ల దగ్గరికి మామిడికాయ దిగుడు అయిపోయాక వెళ్లాలి. ఇప్పుడు వెళ్తే ఎవరూ ఇంటిదగ్గర వుండరు.